చెల్లి ఎంచుకున్న మనిషి

కొన్నేళ్ళుగా నేను మా చెల్లి కళ్ళలోకి సూటిగా చూడలేకపోతున్నాను. ఎందుకో తనకు తెలియదు. చుట్టాలంతా నన్ను మెచ్చుకుంటారు. చెల్లి కోసం పెళ్ళి కూడా మానుకుందంటారు. ఆ మాట వినగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా నాన్న గుంటూరు వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చారు. నేనూ, చెల్లి వాణీ పటాన్‌చెరులోనే పెరిగాం. వాణి కాలేజీకి వెళ్తుండగా షేర్ ఆటో బోల్తా పడి వెన్నెముక దెబ్బతింది. నడుం కింద కదలిక లేదు. స్నానం, బట్టలు, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దించడం, అన్నీ నేనే. విసుగు ఉండేదా? ఉండేది. గర్వమూ ఉండేది. నేను లేకపోతే వాణికి రోజు గడవదనుకోవడంలో ఎంత సుఖముందో, అది పోయినప్పుడే తెలిసింది.

ఊళ్ళో కొందరు వికలాంగులు ఒక సంఘం పెట్టుకున్నారు. ఫ్యాక్టరీ ప్రమాదంలో చూపు పోయిన ఒకాయన, పోలియో వచ్చిన ఒక టైలరమ్మ, ఇంకొందరు. ఆదివారాలు ఒక కిరాణా కొట్టు పక్కగదిలో కలిసేవాళ్ళు. సాయం ఎవరికి కావాలో వాళ్ళే మనిషిని ఎంచుకోవాలి, ఏం చేయాలో, ఎలా చేయాలో వాళ్ళే చెప్పాలి. అదీ వాళ్ళ పద్ధతి. ఇంటివాళ్ళకు లోపల చోటు లేదు. వాణిని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు, "అక్కా, మీరు జెర బయట కూసోండ్రి, చాయ్ తాగుండ్రి" అంది టైలరమ్మ నవ్వుతూ. కూర్చున్నాను. లోపలినుంచి వాణి నవ్వు వినిపించింది. ఇంట్లో తను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

కొన్నాళ్ళకు వాణి తన సాయానికి పద్మ అనే ఆమెను ఎంచుకుంది. పద్మది హత్నూర దగ్గర పల్లె. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల కంపెనీలో ప్యాకింగ్ పని చేసి, షిఫ్టులు పడక మానేసింది. వాణి ఇంటి నుంచే ఒక కంపెనీకి ఫోన్లు మాట్లాడే ఉద్యోగం చేసేది. పద్మకు జీతం తనే ఇచ్చేది. ఎక్కడ పట్టుకోవాలో, ఎలా ఎత్తాలో తనే నేర్పింది. మధ్యలో నేనేదో చెప్పబోతే, "అక్కా, నన్ను చెప్పనీ" అంది. కసరలేదు. మామూలుగానే అంది.

ఒకసారి ఇద్దరూ సంగారెడ్డి వెళ్ళి ఎర్ర చీర కొనుక్కొచ్చారు. అన్నాళ్ళూ నేను వాణికి వదులు నైటీలే కొన్నాను, తొడగడం సులువని. తనకు చీర మీద ఇష్టముందా అని ఎప్పుడూ అడగలేదు. పద్మ కుర్చీలోనే కుచ్చిళ్ళు సర్దింది. వాణి అద్దంలో చూసుకుంటూ ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. లోపల మండిపోయాను. ఎవరో పరాయి మనిషి వచ్చి నా చెల్లిని లాక్కుపోయిందనిపించింది. అది ప్రేమేనా? లేక, తనకు నా అవసరం ఉండటం తప్ప నాకంటూ ఇంకేమీ లేదన్న భయమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఒకరోజు పొద్దున్నే, వాణి లేవకముందు, పద్మను గేటు దగ్గరే ఆపాను.

"ఇంక రావద్దు పద్మా. వాణి చెప్పమంది."

"ఏందక్కా, నేనేమన్న తప్పు జేసిన్నా?"

"తప్పేం లేదు. నీతో స్నానం చేయించుకోవడం తనకు సిగ్గుగా ఉందట. నీ మొహం మీద చెప్పలేక నన్ను చెప్పమంది. నువ్వు అడిగావంటే ఇంకా కుంగిపోతుంది."

పద్మ గేటు పట్టుకుని ఇంట్లోకి చూసింది. "గా మాట నాతోనే అంటే అయిపోవు గదక్కా. మేం అన్ని మాట్లాడుకుంటం గద." తర్వాత గొంతు తగ్గించి, "సరే తియ్. ఆమెను పరేషాన్ జెయ్య. మంచిగ చూస్కోండ్రి" అని వెళ్ళిపోయింది.

బొల్లారంలో ఏదో కంపెనీలో పని దొరికిందట, ఇంక రాదట అని వాణితో చెప్పాను. వాణి ఫోన్ చేసింది. పద్మ ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది, నేనలా చెప్పాక? ఆ ఎత్తకపోవడంతో వాణి నా అబద్ధాన్ని పూర్తిగా నమ్మింది. ఆరోజు నేనే స్నానం చేయించాను. తను కళ్ళు మూసుకుని కూర్చుంది. నాకు సంతోషమేసింది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజంగా సంతోషమేసింది.

వాణి సంఘానికి వెళ్ళడం మానేసింది. ఇంకొకరిని ఎంచుకొమ్మని టైలరమ్మ ఇంటికొచ్చి అడిగితే, "నాకు మనుషుల్ని ఎంచుకోవడం రాదు" అంది. నేను అక్కడే ఉన్నాను.

టైలరమ్మ వదల్లేదు. పదే పదే వచ్చి చివరికి వాణిని మళ్ళీ తీసుకెళ్ళింది. ఇప్పుడు వాణి సంఘం గదికి దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకుని, తను ఎంచుకున్న మనుషుల సాయంతో ఉంటోంది. కొత్తగా చేరినవాళ్ళకు తనే నేర్పుతోంది. ఈమధ్య ఇంటివాళ్ళను కూడా పిలిస్తే నేనూ వెళ్ళాను. నమ్మినవాళ్ళు వదిలేసి పోతే ఏం చేయాలని ఒకామె అడిగింది.

"నేను మొదట ఎంచుకున్నామె చెప్పకుండానే వెళ్ళిపోయింది" అంది వాణి. "నేనే అదీ ఇదీ అడిగి విసిగించి ఉంటాను. అప్పట్నుంచి తక్కువ అడగడం అలవాటు చేసుకున్నా."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే అక్కా అన్న పిలుపు కూడా మిగలదేమో. హత్నూర ఎంత దూరమని? వెళ్ళి పద్మను వెతకొచ్చు. వెళ్ళలేదు. ఇంకోటి కూడా చెప్పాలి. వాళ్ళిద్దరూ మళ్ళీ కలిసి, తలుపు వేసుకుని నవ్వుకుంటారన్న ఊహకే ఈరోజుకీ నాలో ఎక్కడో చురుక్కుమంటుంది. ఇంత జరిగాక కూడా.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు. కానీ ఇది రాస్తుంటే కాస్త తేలికవుతోంది. అందుకూ సిగ్గుపడాలేమో. వాణీ, నువ్వు ఎక్కువేం అడగలేదు. పద్మ నిన్ను వదిలిపోలేదు. నేనే పంపేశాను.