చెవిన వేయని వదిన

ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో చేసి రిటైరైనావిడని పేటలో చిన్నాపెద్దా అందరూ "హలో వదిన" అనే పిలుస్తారు. భర్త వడ్రంగి. ఇంటి ముందు గదిలోనే ఆయన రంపం మిషను.

ఇళ్ల మధ్య మిషన్లు నడపకూడదని నగర సభ నిబంధన తేబోతోందని తెలిసి వడ్రంగుల సంఘం గుండెల్లో రాయి పడింది. ఆ పేట నుంచి ఎన్నికైన సభ్యుడు హలో వదినకి స్వయానా మేనమామ కొడుకు. ఇంకేం, సంఘం అధ్యక్షుడు పరుగున వచ్చాడు.

"ఆదివారం భోజనానికి పిలిచి చెవిన వెయ్యి వదినా! పనిలో పనిగా ఓ టేకు ఊగుడు కుర్చీ వాళ్లింటికి పంపిద్దాం."

"చెవిన వేసింది చెవిలోనే ఉంటుందన్నా. న్యాయమైన మాటైతే పదిమందిలోనే చెప్తా. కుర్చీ కొనేవాళ్లకి అమ్ముకోండి."

అధ్యక్షుడు మొహం గంటు పెట్టుకున్నాడు. కానీ ఆవిడ కన్నా మాటకారి సంఘంలో లేరు మరి.

సోమవారం పొద్దున్నే సభ్యుడి ఆఫీసులో వరసలో నిలబడింది. రిజిస్టర్లో "ఎవరి తరఫున" అన్న చోట సంఘం పేరు రాసి, పక్కన ఖాళీలో "సభ్యుడు నాకు మేనమామ కొడుకు, నా భర్తా వడ్రంగే" అని కూడా రాసింది. గుమాస్తా అది చదివి, "ఇవెవరూ అడగలేదమ్మా" అన్నాడు.

"అడక్కముందే చెప్తే గొడవ వదిలిపోతుంది నాయనా."

లోపలికి వెళ్లగానే సభ్యుడు లేచి నిలబడ్డాడు. "వదినా, నువ్వు వరసలో నిలబడ్డావా!"

"ఇక్కడ వదినా లేదు, మరిదీ లేడండీ. సంఘం మనిషిని. మనం మాట్లాడేది రాసుకోడానికి ఎవర్నైనా కూర్చోబెట్టండి."

ఆయన నవ్వాపుకుంటూ గుమాస్తాని పిలిచాడు. మిషను ఆగితే నలభై ఇళ్లలో పొయ్యి వెలగదని ఆవిడ లెక్కతో సహా చెప్పింది. అంతా విని ఆయన ఓ కాగితం తీశాడు.

"చప్పుడు పక్కింటిదాకా రాదని మీ అధ్యక్షుడు రాశాడు. నిజమేనా?"

అవునంటే పని అయిపోతుంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"శుద్ధ అబద్ధం. పక్కింటి పసిబిడ్డకి పగలు నిద్రే లేదు. మా ఇంట్లో అయితే మొగుడూ పెళ్లాం సైగలతోనే కాపురం చేస్తున్నాం!"

గుమాస్తా చేతిలో కలం జారింది. సభ్యుడు పగలబడి నవ్వాడు.

సంగతి తెలిసి అధ్యక్షుడు ఇంటిమీదికొచ్చాడు. "కొంప ముంచావు!"

అంతవరకూ చిత్రిక పడుతున్న భర్త తలెత్తి, "ఆ అబద్ధం రాసింది నువ్వు. సభ్యుడొచ్చి మిషను పక్కన నిలబడి వింటే ఏం చెప్పేవాడివి?" అన్నాడు.

నెల తర్వాత నిబంధన వచ్చింది. మూసేయమని కాదు. పది నుంచి నాలుగు దాకా మిషను, అదీ తలుపులు మూసుకుని. చేతిపని ఎప్పుడైనా చేసుకోవచ్చు. "ఆవిడ మా తప్పు దాచలేదు కాబట్టే మిగతావన్నీ నమ్మారు" అని అధ్యక్షుడే చాటడం మొదలెట్టాడు.

తర్వాతి వారం బట్టలుతికేవాళ్ల సంఘం నుంచి ముగ్గురొచ్చారు, తమ తరఫునా మాట్లాడమని.

"సరే. ముందు మీమీద ఎదుటివాళ్ల ఫిర్యాదేంటో చెప్పండి."

ముగ్గురిలో పెద్దాయన మెల్లిగా నసిగాడు. "సబ్బు నీళ్లు... వీధిలోకే వదుల్తున్నాం."

"హమ్మయ్య," అంది హలో వదిన, కుర్చీలు జరుపుతూ. "ఇప్పుడు కూర్చోండి."