ముగ్గుగీత మీద తోకచక్రం

మా చెల్లెలి మొగుడు నన్ను గౌరవించాడు. దానికి అతన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

అతను యుద్ధం రోజుల్లో విమానాల మరమ్మతు నేర్చుకుని తిరిగి వచ్చిన మనిషి. మాదేమో కర్నూలు బజారులో మూడు తరాల ఇనుపసామాన్ల అంగడి. మేకు మొదలు గునపం దాకా బేరం లేకుండా మా చెయ్యి కదలదు. ఊపిరి కూడా సగానికి అడిగి పీల్చుకునే వంశమని మా అమ్మే అనేది. అలాంటి ఇంటికి అల్లుడై వచ్చిన ఈ మనిషి ఓర్వకల్లు దారిలో ఉన్న మా శెనక్కాయల గోదాములో ఒక్క మనిషి కూర్చునే విమానం కట్టడం మొదలుపెట్టాడు. కర్నూలు రాజధాని అయ్యి, ఇళ్లు చాలక గుడారాల్లో ఆఫీసులు నడుపుతున్న కాలం అది. ఆ గోదాము కోసం ఎంతమంది అడిగారో చెబితే ఇప్పుడు కూడా నా కడుపు మండుతుంది.

రెండేళ్లు పట్టింది. కర్రచట్రం అయింది, దాని మీద గుడ్డ తొడుగు అయింది. మిలిటరీ సామాను వేలంలో నేను పోట్లాడి తెచ్చిన ఇంజను ముక్కు మీద కూర్చుంది. మిగిలింది కాళ్లు.

ఎగరడానికి అనుమతి ఇవ్వాలంటే సర్కారు మనిషి మద్రాసు నుంచి రావాలి. అంతకన్నా ముందు మా చెల్లెలు ఒప్పుకోవాలి. మా ఇంట్లో బేరానికి లొంగనిది ఆమె ఒక్కతే. ఆమె షరతు ఒకటే.

"నేలమీద సక్కగా పోనిది పైన మోడాల్లో సక్కగా పోతాదా? గోదాము ముందర నేను ముగ్గుతో గీత గీస్తా. ఈ కొన నుంచి ఆ కొన దంకా దాని మీద పోనీ, ఎగురుకోమను. పోలేదంటే గొడ్డలి తెచ్చి కొట్టి పొయ్యిలో పెడతా. శెనక్కాయలు బాగా వేగుతాయి."

విమానానికి ముందర రెండు చక్రాలు, వెనక తోక కింద ఒక చిన్న చక్రం. ముందరివి రెండూ కాడి కింద ఎద్దుల్లాగా నేరుగా ఎదుటికి చూడాలి. ఇనుపకాళ్లకు చక్రాల ఇరుసులు గ్యాసుమంటతో అతికే పని జట్కాబండ్లకు ఇరుసులు చేసే ఒక ముసలి సాయిబుకు అప్పజెప్పాం. ముక్కు నుంచి తోక దాకా తూకం గుండ్లు వేలాడదీసి, వాటి కింద నేలమీద దారం లాగి సుద్ద కొట్టాం. ఆ సుద్దగీతతో రెండు చక్రాలనూ పోల్చి చూడాలి.

సాయిబు ఎడమ ఇరుసు పూర్తిగా అతికాడు. కుడిదాన్ని నిలబడేటందుకు రెండు అతుకు చుక్కలు మాత్రం పెట్టాడు. కొలిచి చూసి తల ఊపాడు.

"ఎడమది లోపలికి చూస్తాండాది శెట్టీ. అతుకు సల్లారేటప్పుడు లాగింది. కోసి మళ్లా అతకాల."

"అతుకు మరి."

"గ్యాసు యాడుండాది? కుడిదానికి సరిపోయేంతే ఉండాది. డోన్ నుంచి రావాల. నాలుగు దినాలు."

నాలుగు దినాలు ఆగడానికి నాకు వీల్లేదు. ఆదివారం మా విమానం పరుగు పెడుతుందని బజారంతా చెప్పుకున్నాను. బట్టల అంగడాయన అయితే కూర్చోవడానికి ముందే కుర్చీ పంపించాడు.

"కుడిది ఇంకా అతకలేదు గదా," అన్నాను. "దాన్ని గూడ అంతే లోపలికి తిప్పి అతుకు."

సాయిబు కళ్లద్దాలు తీశాడు. "సక్కగుండేదాన్ని వంకర చెయ్యమంటావా?"

"వంకర కాదప్పా, సమానం. ఒకటి తప్పు, ఇంకొకటి ఒప్పు అయితే తగాదా. ఇద్దరూ చెరి కొంచెం సర్దుకుంటే పంచాయితీ తెగినట్టే."

"ఇనుము నీ గిరాకీ కాదు శెట్టీ, సర్దుకునేదానికి."

నేను మా ఇంటి అల్లుడి వైపు తిరిగాను. "ఏమప్పా, సరిపోతాది గదా?"

అతను చక్రం వంక చూశాడు, సాయిబు వంక చూశాడు. నూనెచేతులు గుడ్డతో మెల్లగా తుడుచుకున్నాడు. "మీరు చెప్పినాక ఏముంది బావా."

ఆ మాట నాకు బెల్లంలాగా ఉండింది. సాయిబు కళ్లద్దాలు పెట్టుకుని కుడి ఇరుసును లోపలికి తిప్పి అతికేశాడు.

ఆదివారం పొద్దున్నే మా చెల్లెలు వంగి, గోదాము గడప ముందునుంచి రాతిగుట్ట వైపు దాదాపు వంద బారల పొడుగునా గీత గీసింది. గీత ఎక్కడా వంకర పోలేదు. బజారు సగం వచ్చింది. అల్లుడు ఎక్కి కూర్చున్నాడు, ఇంజను మోగింది, విమానం కదిలింది, నలభై బారలు బాగానే పోయింది. అక్కడ నేల ఎగుడుదిగుడుగా ఉంది. ముక్కు కొంచెం కుడికి తిరిగింది. తిరిగితే బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది. ఆ ఎడమ చక్రం నా పంచాయితీ ప్రకారం కుడికే చూస్తోంది. అది ఇంకా కుడికి తోసింది. తోసేకొద్దీ బరువు పెరిగింది, బరువు పెరిగేకొద్దీ తోసింది. కన్నుమూసి తెరిచేలోగా విమానం గిర్రున తిరిగి ఎడమ రెక్క కొన నేలలో దిగబడింది. గుడ్డ లోపల కర్ర విరిగిన చప్పుడు గోదాము దాకా వినబడింది.

అతను కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని దిగాడు.

"మీ విమానం అంగడి తట్టు తిరిగింది శెట్టీ," అన్నాడు బట్టల అంగడాయన, కుర్చీలోంచి లేవకుండానే. "గిరాకీ వాసన తగిలినట్టుంది."

అందరూ వెళ్లేదాకా నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. తర్వాత సాయిబును తిట్టాను, నేలను తిట్టాను, రబ్బరును తిట్టాను. మణికట్టుకు కట్టు కట్టించుకుంటూ అల్లుడు అంతా విన్నాడు.

"సాయిబు తప్పు లేదు బావా," అన్నాడు చివరికి. "తోకచక్రం ఉండే విమానానికి ముందర చక్రాలు లోపలికి చూడగూడదు. మిలిటరీలో మాకు మొదటి నెలలోనే చెప్తారు."

తిట్టడం ఆపేశాను. "తెలుసునా నీకు?"

"తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పలే?"

"పరాయి మనిషి ముందర మీ మాట మీద మాట ఎట్లంటాను? పెద్దోళ్లు మీరు."

నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. "నా మర్యాద కోసం నువ్వు సచ్చిపోతాంటివి. అప్పుడు నా చెల్లెలికి నేనేం చెప్పాల? మీ ఆయన శానా మర్యాదస్తుడని చెప్పాల్నా?"

అతను తల దించుకున్నాడు. అదీ మర్యాదే. దాంతో ఇంకా మండింది. నేనడిగిన పద్ధతి అప్పుడే గుర్తుకొచ్చింది. 'సరిపోతాది గదా' అన్నాను. అంగట్లో గిరాకీ చేతిలో గడ్డపార పెట్టి 'నచ్చింది గదా' అనే గొంతు అది. ఆ గొంతుకు కాదనే జవాబు ఉండదు. ముప్పై ఏళ్లు దాన్ని సానబట్టింది నేనే. ఆ సంగతి తెలిశాక కోపం తగ్గిందనుకునేరు. తగ్గలేదు, రెండు భాగాలయింది. ఒక్కటి కూడా చిన్నది కాలేదు.

మా చెల్లెలు గడప దగ్గర నిలబడి విన్నది. "ఇంకొక్కసారి గీస్తా," అంది. "ఆ తర్వాత గొడ్డలే. అన్నా, నువ్వు దాని దగ్గర బేరాలు పెట్టాకు."

రెక్క బాగు చెయ్యడానికి నెల పట్టింది. ఈలోగా గ్యాసు వచ్చింది, సాయిబు రెండు ఇరుసులూ కోసి, మళ్లా చుక్కలు పెట్టి నిలబెట్టాడు. కాళ్లను పట్టి ఉంచేది రబ్బరుతాళ్లు. మనిషి ఎక్కితే కాళ్లు కొంచెం వెడల్పవుతాయి, చక్రాల చూపు మారుతుంది. కానీ టైరు నేలను పట్టుకుని జరగదు కాబట్టి కొలత అబద్ధం చెబుతుంది. అందుకని ఒక్కో చక్రం కింద రెండేసి కడప రాళ్లు, వాటి మధ్య ఆముదం. సీట్లో అతని బరువుకు సరిపడా శెనక్కాయల మూట. మూట పెట్టగానే పైరాళ్లు జారి చక్రాలు రెండూ వాటి నిజమైన చోటుకు పోయాయి; అప్పుడు కొలిచి, సరిచేసి సాయిబు అతికాడు. ఈ రాళ్ల సంగతి అల్లుడు మొదటి కొలతప్పుడే చెప్పాడు. నేల ఉండగా రాళ్లెందుకు దండగ అని కొట్టేసింది ఎవరో చెప్పక్కర్లేదు.

రెండోసారి సాయిబు తప్ప ఎవరూ రాలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె గీసింది. విమానం పోయింది. కొన దాకా పోయి ఆగింది.

మా చెల్లెలు గీత వెంట నడిచింది, వెనకాలే మేం ముగ్గురం. తోకచక్రం తెల్లగీతను తుడుచుకుంటూ పోయింది. ఎర్రమట్టిలో ముగ్గు కనబడకుండా ఉంది. ఎనభై బారలు, తొంభై బారలు. చివరి పది బారల్లో మాత్రం గీత తెల్లగా మిగిలింది. చక్రం జాడ దానికి జానెడు పక్కన ఉంది.

ఆమె ఆగింది. నేను నోరు తెరిచాను. వందలో పది, అది కూడా జానెడు, ఎవరికి కనబడుతుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదు బావా," అన్నాడు అల్లుడు, సాయిబు ముందరే. "ఎడమది ఇంకా రవ్వంత లోపలికి చూస్తాండాది. ఈ పని మీకు తెలీదు. ఊరకుండండి."

సాయిబు నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. నెలరోజులుగా అల్లుడి నోటి నుంచి రావాలని నేను పోట్లాడిన మాట అదే. వచ్చేసరికి నా చెవులు మండిపోయాయి.

గొడ్డలి సంగతి ఎప్పుడెత్తుతుందా అని మా చెల్లెలి మొహం చూశాను. ఆమె మొగుడి వంకే చూసింది. తర్వాత ముగ్గుడబ్బా కదిపి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇంకా ఉండాది," అంది. "మళ్లా గీస్తా."

నేను గోదాములోకి పోయి ఆముదం డబ్బా దించాను. రాళ్లు నాలుగూ నేనే మోశాను. ఒక్కొక్కటీ ఎత్తిన ప్రతిసారీ అతన్ని తిట్టుకున్నాను.