దిగినవాళ్ళు నలుగురు

బంగారు గని మూతపడక ముందు నంజుండప్ప గనిలోకి దిగే నిలువు గొయ్యి, షాఫ్టు, దగ్గర గంట కొట్టేవాడు. ఆయన మూడుసార్లు కొడితేనే మనుషులున్న ఇనప కేజ్ కిందికైనా పైకైనా కదిలేది. దిగినవాళ్ళను లెక్కబెట్టుకుని, అందరూ పైకొచ్చేదాకా కూర్చున్న చోటు వదిలేవాడు కాదు. నిన్న కూతురు సుమ ఆయన్ను బంగారుపేటలో గూఢచారి సినిమాకు తీసుకెళ్ళింది. తెరమీద హీరో, అతని ముగ్గురు జతగాళ్ళు పాత గనిలోకి దిగారు. తర్వాతి సీనులో హీరో ఒక్కడే విదేశంలో చిందులేశాడు. ఆట ముగిసి హాలంతా ఖాళీ అయింది.

"సినిమా బాగలేదా అప్పా? లెయ్యి, పోదాం," అంది సుమ.

"ఫైటింగులు బాగుండాయి, కడుపు పగిలేటట్టు నవ్వించినారు. దిగింది నలుగురమ్మా. ఇంగ ముగ్గురు పైకి రానేలేదే."

ఊడ్చేవాళ్ళు వచ్చినా ఆయన లేవలేదు. తెల్లటి తెర వైపే చూస్తూ, కుర్చీ చేతిమీద వేలితో మూడుసార్లు కొట్టాడు.