ముక్కు దించు, ఎనక్కి తిరగాకు

నిన్న పొద్దున ఎమ్మిగనూరు బజారులో ఒక మోటారు సైకిల్ నా పక్కనుంచి దూసుకుపోయింది. నడిపినవాడి ముఖం చూడలేదు, వాడు వదిలిన పొగ మాత్రం ముక్కుకు తగిలింది. కాలిన ఆముదం. పసిపిల్లల మాడుకు పెట్టే ఆముదం వాసన వేరు, వేడి ఇంజనులో కాలిన ఆముదం వాసన వేరు. రెండోది కొంచెం తియ్యగా, కొంచెం మాడినట్టుగా ఉండి గొంతులో నిలబడిపోతుంది. చేతిలో సంచి పట్టుకుని, పొగ విడిపోయేదాకా దాన్ని పీల్చుకుంటూ నడి బజారులో నిలబడ్డాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆదోనిలో ఆ వాసన వచ్చిందంటే, నాగప్ప శెట్టిగారు తన విమానం ఇంజను తిప్పుతున్నారని అర్థం.

ఆయన్ను ఎరగనివారికి ముందు ఆయన ఆకారం చెప్పాలి. భారీ మనిషి. నవ్వితే భుజాలూ పొట్టా కలిసి కదిలేవి. వాళ్ళది పత్తి వ్యాపారం, ఊరి బయట గింజలు తీసే జిన్నింగు మిల్లు ఉండేది. వయసులో ఉండగా వ్యాపారం పని మీద మద్రాసు పంపితే, అక్కడ విమానం నడపడం నేర్చుకుని తిరిగివచ్చారు. ఊరంతా ఆయన్ను 'ఇమానం సెట్టి' అనేది, మొదట్లో ఎగతాళికి, తర్వాత గొప్పగా. నేను ఇంజనీరింగు డిప్లొమా పూర్తిచేసి ఆ మిల్లు ఇంజన్లు చూసుకునే పనిలో చేరాను. మొదటిరోజు మిల్లు చూపిస్తారనుకున్నాను. ఆయన నేరుగా వెనకనున్న షెడ్డు తలుపు తెరిచారు.

లోపల ఒక విమానం ఉంది. ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం, ఇంకా పూర్తికాలేదు. చుట్టూ తిరిగి ఏది ఎక్కడిదో అడిగాను. నమూనా ఒక ఇంగ్లీషు పత్రికలోది. రెక్కల కర్ర బొంబాయిది. ఇంజను, చక్రాలు బళ్ళారిలో ఒక దొర అమ్మేసి వెళ్ళిన మోటారు సైకిల్‌వి. ఇంజనుకు కందెన మాత్రం మన ఆముదమే. పెట్రోలు డబ్బా ఆదోనిలో రేకుల పనివాడు అతికినది. రెక్కలకు తొడిగే బట్ట ఎమ్మిగనూరు మగ్గాల మీద, సోమన్న అనే నేతగాడి ఇంట్లో తయారైంది. బట్ట బిగుసుకోవడానికి మేము ద్రావకం పూస్తుంటే సోమన్న వచ్చి చూసి, "గంజి పెట్టేది మాకు ఇడిసిపెట్టకూడదా? ఇమానానికి ధోవతి కట్టినట్టుంది గదప్పా!" అన్నాడు.

"ఎవరు నడుపుతారన్నా?" అని శెట్టిగారిని అడిగాను.

ఆయన తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. "ఈ ఇంజను నన్ను మోయల్లేదప్పా. నేనెక్కితే ఇది ఎద్దులబండి అయితాది. నువ్వు సూస్తే పుల్ల మాదిరి ఉండావు, పేరు సూస్తే ఆంజనేయులు. ఎగరక ఏం జేస్తావ్?"

ఇంతకన్నా సంతోషకరమైన మాట నా జీవితంలో ఎవరూ నాతో అనలేదు.

ఆయన నాకు నేర్పాలనుకున్నది విమానం లేపడం కాదు. "లేపేది దానికే తెలుసు" అనేవారు. ఇంజను ఆగిపోతే ఏం చేయాలో, అది నేర్పాలి. మోటారు సైకిల్ ఇంజను ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది, అందులో అనుమానం లేదు. ఆయన చెప్పినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. రెక్కను గాలి మోయాలంటే విమానం ముందుకు పరుగెత్తుతూ ఉండాలి. ఇంజను ఆగాక ఆ పరుగు ఇవ్వగలిగింది ఎత్తు ఒక్కటే. ముక్కు దించితే ఎత్తు తగ్గి వేగం వస్తుంది. దించకపోతే వేగం చచ్చి, విమానం రాయిలా పడుతుంది. ఇక వెనక్కి తిరగాలంటే రెక్క వంచాలి. వంగిన విమానం ఇంకా ఎక్కువ ఎత్తు పోగొట్టుకుంటుంది. నేల వదిలిన కాసేపటికే ఇంజను ఆగితే, పోగొట్టుకోవడానికి అంత ఎత్తు ఉండదు. కాబట్టి ఎదురుగా ఏ చేను కనిపిస్తే అందులోనే దిగాలి.

కాగితం మీద ఇది తేలిక. నాలో ఉన్న చిక్కు ఏమిటో ఒకరోజు కోడుమూరు ప్రయాణంలో బయటపడింది. శెట్టిగారితో మిల్లు కారులో గేటు దాటుతుండగా పిల్లి అడ్డం వచ్చింది. నేను ఏమీ ఆలోచించకుండా కారు ఆపించి, దిగి, లోపలికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ వచ్చాను. మా ఇంట్లో అందరూ చేసేదే, ఊళ్ళో అందరూ చేసేదే. శెట్టిగారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఆ అలవాటు నిన్ను సంపుతాది" అన్నారు. "అడ్డం వచ్చిందంటే ఎనక్కి తిరిగేది మన ఒంట్లో ఉంది. మద్రాసులో ఒక పిల్లోడు అట్లనే తిరిగినాడు. ఇంజను నిలిసిపాయ, ఎనక తాను లేసిన బయలు కనపడతాండాది, ఆడికే పోదామని తిరిగినాడు. నా కండ్ల ముందరే పోయినాడు."

ఆ రోజు నుంచి నాకు వెనక్కి తిరగడం నిషేధం. దుకాణం దాటిపోతే వీధి చుట్టి రావాలి. గొడుగు మరిచిపోతే తడవాలి. మిల్లు కూలీలు నన్ను చూడగానే "ఓ ఆంజినేయన్నా!" అని వెనకనుంచి పిలిచేవారు, తిరుగుతానేమో చూడటానికి. సాయంత్రాలు షెడ్డులో నన్ను విమానంలో కూర్చోబెట్టి, శెట్టిగారు ఎదురుగా నిలబడి నోటితో ఇంజను చప్పుడు చేసేవారు. అంత పెద్ద మనిషి బుగ్గలు పూరించి "బుర్ర్ర్" అంటూ ఉంటే కూలీలు గోడలు పట్టుకుని నవ్వేవారు. ఉన్నట్టుండి చప్పుడు ఆపేసేవారు. ఆగిన మరుక్షణం నా చెయ్యి, విమానం ముక్కును దించి లేపే కర్రను ముందుకు తోయాలి. ఆలస్యమైతే, "సచ్చినావ్. మల్లా" అనేవారు.

తర్వాత ఎమ్మిగనూరు దారిలోని బీడులో మనిషెత్తు లేచి దిగడం అలవాటు చేసుకున్నాను. చివరకు చెట్లు దాటి పైకి వెళ్ళే రోజు వచ్చింది. జొన్నలు కోసేసిన రోజులు. తెల్లవారేసరికి బీడు నిండా జనం. తమ బట్ట ఎగరడం చూడాలని ఎమ్మిగనూరు నేతవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. శెట్టిగారి తల్లి, మేమందరం అవ్వ అని పిలిచే ఆవిడ, కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను విమానం ఎక్కి కూర్చున్నాను, ఇంజను అందుకుంది. ఆముదం పొగ కమ్మింది. ఆ పొగకు సోమన్న గట్టిగా తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము.

"ఇంకోటి తుమ్మప్పా! ఇంకోటి!" అని అందరూ సోమన్న మీద పడ్డారు. రెండు తుమ్ములైతే దోషం లేదు కదా. పాపం, సోమన్న నడుము గుడ్డలోంచి నూలుపోగు లాగి ముక్కులో పెట్టుకుని ఎంత తంటాలు పడినా రెండోది రాలేదు.

"దిగి రా నాయనా" అని అవ్వ కేకేసింది. "కూసోని రవ్వన్ని నీల్లు తాగి పో!"

"ఇమానానికి దప్పిగ్గాలేదు లేమ్మా" అని శెట్టిగారు పకపకా నవ్వి, నాకు చెయ్యి ఊపారు.

చక్రాల కింద దడదడ ఆగిపోయింది. నేల నన్ను వదిలేసింది. చెట్లు కిందికి వెళ్ళాయి, ఆదోని కోట కొండలు పక్కకు వచ్చి నిలబడ్డాయి, మిల్లు పొగగొట్టం నాకన్నా పొట్టిదైపోయింది. నేను నోరు తెరిచి అరుస్తున్నాను, ఏమని అరిచానో తెలియదు. అప్పుడు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నిశ్శబ్దం కాదు అది. తీగల్లో గాలి హోరు. నా ఒళ్ళంతా వెనక్కి తిరగాలనుకుంది. అంత పెద్ద బీడు, అంతమంది మనవాళ్ళు, అందరూ వెనకే ఉన్నారు. కుడికాలు చుక్కాని తిప్పే మెట్టు మీద అప్పటికే బిగుసుకుంటోంది. కానీ చెయ్యి నన్ను అడగకుండానే కర్రను ముందుకు తోసేసింది. ముక్కు దిగింది, వేగం వచ్చింది. కాలు సడలించాను. ఎదురుగా మూడు కనిపించాయి: బండ్లు పోతున్న బాట, నెర్రెలు విచ్చిన నల్లరేగడి, కోసిన జొన్నచేను. జొన్నచేను ఎంచుకున్నాను. పెట్రోలు కట్టేశాను, స్విచ్చి తీసేశాను, నేల దగ్గర ముక్కు కొంచెం ఎత్తాను. చక్రాలు జొన్న కొయ్యల మీద పటపటమంటూ పరుగెత్తి గట్టుకు కొట్టుకున్నాయి. విమానం ముక్కు మీదికి వాలింది. పంఖా విరిగింది, ఒక రెక్క చిరిగింది, నా పెదవి పగిలింది. పట్టీలకు వేలాడుతూ నవ్వుతున్నాను.

శెట్టిగారు పరుగెత్తడం అప్పుడే మొదటిసారి చూశాను. వచ్చి నా కాళ్ళూ చేతులూ తడిమి, కొయ్యల మీదే చతికిలబడ్డారు. నేను ఉత్సాహం పట్టలేక పెట్రోలు డబ్బా మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. మూతలో గాలి పోయేందుకున్న సన్నని బెజ్జంలో పత్తి పీచు ఇరుక్కుంది. గాలి పోక పెట్రోలు దిగలేదు. "చూశారా అన్నా, కారణం దొరికింది!" అని అరిచాను. వెనకనే బండి మీద వచ్చిన అవ్వ మాత్రం, "పత్తీ లేదు, గిత్తీ లేదు. ఒంటి తుమ్ము" అని తేల్చేసింది. జనమంతా గొల్లుమన్నారు.

విమానాన్ని రెండు బండ్ల మీద కట్టి మిల్లుకు తీసుకెళ్తుంటే శెట్టిగారూ నేనూ వెనక నడిచాం. నేను ఆగకుండా మాట్లాడుతున్నాను, ముక్కు ఎలా దించానో, కాలు ఎలా సడలించానో. ఆయన చాలాసేపు విన్నారు.

"నీకేం ఇనపల్లేదా?" అని అడిగారు.

"ఏంటన్నా?"

"నేను అరిసినా. ఇంజను నిలిసిపోతానే, గొంతు పగిలేట్టు అరిసినా."

"ముక్కు దించమనా?"

ఆయన ఆగి నా ముఖంలోకి చూశారు. "ఎనక్కి రమ్మని. తిరుగు నాయనా, తిరుగు, వచ్చేయి అని. మా అమ్మకంటే గట్టిగా అరిసినా. సదువంతా యాడికి పాయనో."

విమానం బాగుచేయకముందే యుద్ధం వచ్చింది, పెట్రోలు కరువైంది. శెట్టిగారు రెండేళ్ళ కిందట పోయారు. ఇప్పుడు నా చేతికింద కొత్తవాళ్ళు ఇంజన్ల పని నేర్చుకుంటున్నారు. వాళ్ళు తిరిగే ఇంజను చక్రం దగ్గరికి మొదటిసారి ఒంటరిగా వెళ్ళేటప్పుడు, నేను దగ్గరుండి నేర్పిన పనే అయినా, వెనక్కి వచ్చేయమనే కేక ఒకటి నా గొంతుదాకా వస్తుంది. అది ఎవరి కేకో నాకు తెలుసు. పళ్ళు బిగించి దాన్ని మింగేస్తాను.