కడిగి పంపిన బూట్లు

శనివారం మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆమెకు ఒక పని సిద్ధంగా ఉండేది. ఆయన మడుగు దగ్గర్నుంచి వచ్చి, మోకాళ్ళ దాకా ఉండే రబ్బరు బూట్లు విప్పి పెరటి గట్టు మీద నిలబెట్టేవాడు. ఆమె వేడినీళ్ళు తెచ్చి, పాత బ్రష్షుతో అడుగున గాడుల్లో ఇరుక్కున్న బురదంతా గీకి కడిగేది. ఆ కడిగిన నీళ్ళు మాత్రం కాలవలో పోయనిచ్చేవాడు కాదు. మేడ మీదికి మోసుకెళ్ళి ఎండలో పొయ్యమనేవాడు. బురదనీళ్ళకు కూడా ఎండ చూపించాలా, ఇదేం చాదస్తం అని ఆమె సణిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నలభై ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. మర బిగించడానికి కూడా ఒక పద్ధతుందంటాడు. ఇదీ అలాంటిదే కాబోలని ఆమె బకెట్టు మోసుకుంటూ మెట్లెక్కేది.

ఇప్పుడు శనివారం తెల్లవారగానే అవే బూట్లు ఆమె తొడుక్కుంటోంది. వేళ్ళ దగ్గర పాత గుడ్డలు కుక్కితేగానీ కాలికి నిలవవు. ఆయన వెళ్ళాక లోపల గడియ వేసుకునే మనిషి, బయట తాళం వేసి, అది పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, మడుగు వైపు నడుస్తోంది.

సేవ చెయ్యాలని కాదు. మడుగు దగ్గర ఆయనతో పనిచేసినవాళ్ళు ఏం దాచిపెట్టారో చూడాలని. ఆ సంగతి చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆయన పోయి మూడు నెలలైంది. పోయింది కూడా మడుగు దగ్గరే. పనయ్యాక కూర్చున్నాడనీ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడనీ, నిమిషం కూడా బాధపడలేదనీ వాళ్ళు చెప్పారు. మర్నాడు ఆయన టోపీ, చేతితొడుగులు, బూట్లు ఒక సంచిలో పెట్టి పంపారు. ఏడుపు మధ్యలో ఆమె సంచి విప్పి చూసి ఏడుపు ఆపేసింది. బూట్లు అద్దంలా ఉన్నాయి. బురదలో మూడు గంటలు పనిచేసిన మనిషి బూట్లకు మట్టి రేణువు లేదు. పోయినవాడి బూట్లు పనిగట్టుకుని ఎవరు కడుగుతారు? కడిగారంటే, కనబడకూడనిది ఏదో వాటికి అంటుకునే ఉంటుంది. నీళ్ళలో పడ్డాడా? మొయ్యలేని బరువు మోయించారా?

అడిగితే చెప్పరని చెల్లెలు తేల్చేసింది. “బయట నిలబడి అడిగితే అందరూ మంచివాళ్ళే అక్కా. వాళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చో.”

అలా వెళ్ళింది. ఊరి చివర, పక్షుల కోసం కంచె వేసి కాపాడుతున్న పెద్ద మడుగు అది. చుట్టూ రెల్లు, రెల్లు మధ్యలో చూడవచ్చినవాళ్ళు నడవడానికి దారి. శనివారాలు ఓ పదిమంది వచ్చి ఆ దారి బాగుచేస్తుంటారు. మెత్తబడ్డ చోట చెక్కలు పరుస్తారు. దారి మీదికి వంగిన కొమ్మలు కత్తిరిస్తారు. రెల్లును ఏటా సగమే కోసి, మిగతా సగం పిట్టల గూళ్ళకు వదిలేస్తారు. వాళ్ళకు పెద్ద, ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. అలవాటు కొద్దీ మెళ్ళో ఈల వేసుకుని తిరుగుతాడు గానీ పిట్టలు బెదురుతాయని ఒక్కసారి కూడా ఊదడు. అందుకని అందరూ ఆయన్ని ఈల మాస్టారంటారు. ఆ తర్వాత చెప్పుకోవలసింది నర్సమ్మ. ఆస్పత్రిలో పని. మాట ఇంజక్షను ఇచ్చినట్టు ఉంటుంది, గుచ్చి తీసేస్తుంది. ఆయన ఒరిగిపోయినప్పుడు పక్కనున్నది ఆవిడే.

నీళ్ళ మీద అల్లుకుపోయే ఒక కలుపుమొక్కతో వాళ్ళకు రెండేళ్ళుగా యుద్ధం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు చుట్టం. పిలవకుండా వచ్చింది, పొమ్మన్నా పోదు. పెద్ద మడుగులోది పీకేశారు. గట్టు మీద ఎండి గోధుమరంగుకు తిరిగిన కుప్పలే మిగిలాయి. “మా బావమరిది కూడా ఇంతకాలం ఉండలేదు,” అన్నాడో పెద్దమనిషి టీ తాగుతూ. అందరూ నవ్వారు. ఆమె కప్పు పట్టుకుని దగ్గరికి రాగానే నవ్వు ఆగిపోయింది. ఒకాయన వాన గురించి ఎత్తుకున్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఇంకొకటి కూడా కనిపెట్టింది. ఈల మాస్టారు ఎప్పుడూ ఆమెను తూర్పు దారికే పంపేవాడు. పడమటి గేటు వైపు ఏముందని అడిగితే, “అటు పాములమ్మా,” అన్నాడు. కాసేపాగి అదే మాట నర్సమ్మను అడిగింది. నడుం లోతు బురదంది ఆవిడ. ఒక అబద్ధం సరిపోయేచోట రెండు చెప్పారంటే, ముందుగా కూడబలుక్కోలేదన్నమాట. అంటే ఆమె అడుగుతుందని అనుకోలేదన్నమాట. కొమ్మలు కత్తిరిస్తూ ఆమె ఇదంతా మనసులో పేర్చుకుంది.

మొదటి శనివారమే పని ముగిసేసరికి బూట్ల సంగతి తేలిపోయింది. దారి మొదట్లో నీళ్ళపీపా, బ్రష్షులు, కూర్చోవడానికి ఒక బండ ఉన్నాయి. కాళ్ళు శుభ్రంగా కడుక్కోకుండా ఎవరూ బయటికి వెళ్ళకూడదు. చుట్టం వేరుముక్క గోరంత అంటుకుపోయినా ఇంకో చెరువులో సంసారం పెడుతుందని మాస్టారు వివరించాడు. ఆమె భర్త పోయింది ఆ బండ మీదేనట, చేతిలో బ్రష్షుతో. బూట్లు ఎవరో కడగలేదు, ఆయనే కడుక్కున్నాడు.

ఆమె మనసు తేలికపడింది. ఆ తేలిక ఇంటి తాళం తీసేదాకా నిలిచింది. గుమ్మంలో నిలబడి తన కాళ్ళ వైపు చూసుకుంది. తన బూట్లూ తళతళలాడుతున్నాయి. అందరివీ అంతే. మరి రెండేళ్ళ పాటు ఆయన ఇంటికి తెచ్చిన బురద ఎక్కడిది? వీళ్ళ పని తొమ్మిదికే అయిపోతుంది. ఆయన వచ్చేది పన్నెండుకు. ఇన్నాళ్ళూ కడిగిందెవరని బుర్ర బద్దలు కొట్టుకుంది. అడగవలసింది అది కాదు.

చెల్లెలు ఫోనులో అంతా విని గొంతు తగ్గించింది.

“అంటున్నానని ఏమనుకోకు అక్కా. ఎవరైనా ఉన్నారేమో.”

“అరవై నాలుగేళ్ళ మనిషికా?”

“అరవై నాలుగేళ్ళకే కదా తీరిక దొరికేది.”

ఆమె ఫోను పెట్టేసింది గానీ ఆ మాటను పెట్టెయ్యలేకపోయింది. అప్పటిదాకా వాళ్ళ మీదున్న అనుమానం నెమ్మదిగా ఆయన మీదికి జరిగింది. గోడ మీది ఫోటోకు దుమ్ము తుడుస్తున్నప్పుడు కూడా కళ్ళలోకి చూడకుండా అంచులే తుడిచింది.

తర్వాతి రెండు వారాలు నర్సమ్మను చూపు తిప్పకుండా చూసింది. అందరూ కాళ్ళు కడుక్కుని ఇళ్ళకు పోతుంటే, ఆవిడ మాత్రం ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి, మడిచిన గోనెసంచులు చంకలో పెట్టుకుని పడమటి గేటు దాటుతోంది. ఆయన కళ్ళు మూసిన చెయ్యి ఆ చెయ్యే. అప్పుడు లేని అర్థం ఇప్పుడు దానికి వచ్చి కూర్చుంది. మూడోవారం ఆమె టోపీ వెతుక్కుంటున్నట్టు నటించి, కొంచెం ఎడం ఇచ్చి వెనకాలే నడిచింది.

పాములూ లేవు, నడుం లోతు బురదా లేదు. గేటు దాటాక గట్టు, గట్టు మీంచి కిందికి ఏడు చెక్కమెట్లు. మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయింది. చెక్కల్లో బిగించిన మరలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. మర బిగించాక దాని తల మీది గీత అడ్డంగా నిలిచేదాకా తిప్పే మనిషిని ఆమె ఒక్కణ్ణే ఎరుగును. ఇంత ముచ్చటగా ఎవరి కోసం కట్టాడు? పోయినవాడితో తగువు పడడానికి సిద్ధమై, ఒక్కో మెట్టూ దిగింది.

కింద చిన్న కుంట. నర్సమ్మ తొడల దాకా నీళ్ళలో నిలబడి మొక్కలు పీకి సంచిలో కుక్కుతోంది. ఇంకెవరూ లేరు.

“వస్తారని తెలుసు. ఇన్ని వారాలు పడుతుందనుకోలేదు,” అంది నర్సమ్మ వెనక్కి తిరక్కుండానే.

ఆమె నీళ్ళ మీద పరుచుకున్న పచ్చటి గుండ్రటి ఆకులనూ, మధ్యలో పసుపు చుక్క ఉన్న తెల్లపూలనూ చూస్తోంది. ఎండిన కుప్పల్లో గుర్తుపట్టలేదు. బతికున్నది చూస్తే గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. నాలుగేళ్ళ కిందట తోపుడుబండి వాడి దగ్గర కొని, మేడ మీది సిమెంటు తొట్టిలో వేసి, రోజూ పొద్దున్నే ఎన్ని పూశాయో చూసుకున్న మొక్క అది. ఏడాది తిరగకుండా తొట్టి నిండి పొర్లింది. ప్రాణమున్నదాన్ని చెత్తలో వెయ్యడానికి చేతులు రాక, ఎక్కడైనా నీళ్ళు చూసి వదిలి రమ్మని ఆయన చేతికిచ్చింది ఆమే. కొన్నాళ్ళకు తొట్టిలోది కుళ్ళిపోయిందని ఆయన అంతా తీసేస్తే, చూసుకోవడం చేతకాదని ఆయన్నే తిట్టింది.

నర్సమ్మ మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆయన దాన్ని ఈ కుంటలో వదిలాడు. ఇక్కణ్ణుంచి ఎవరి కాళ్ళకు అంటుకుందో, ఆయన కాళ్ళకే అంటుకుందో, పెద్ద మడుగుకు చేరింది. బాతులు దిగడం మానేశాక ఆయనే వెళ్ళి మాస్టారు ముందు ఒప్పుకున్నాడు. పెద్ద మడుగు అందరం చేద్దాం, కుంట మాత్రం నాకు వదిలెయ్యండన్నాడు. రెండేళ్ళు ఒక్కడే పీకాడు.

ఆమె వంగి ఒక ఆకు తుంచి తిప్పి చూసింది. అడుగున ఎర్రటి ఛాయ. వాసన చూసింది. విధవరాలికి చెప్పడానికి అల్లిన కథ కాదని అప్పుడు నమ్మింది.

“పోయేముందు ఏమీ అనలేదా?”

నర్సమ్మ చేతిలో మొక్క అలాగే ఉండిపోయింది. “నిమిషం అని చెప్పాం కదా, అది అబద్ధం. పది నిమిషాలున్నారు. కుంటలో ఇంకా మిగిలింది, చూడమన్నారు. మా ఇంట్లో చెప్పొద్దు, తెలిస్తే ఇంక కుండీలో మొక్క పెట్టదు అన్నారు.”

పది నిమిషాలు. అందులో తన కోసం ఖర్చుపెట్టింది ఆ ఒక్క మాట, అదీ తనకు చేరకూడదని. ఆమెకు కోపం వచ్చిందో, ఇంకేం వచ్చిందో తెలియలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి బూట్లతోనే కుంటలోకి దిగింది.

“ఇంకెవరెవరికి తెలుసు?”

“పీపా పెట్టింది ఎందుకనుకున్నారు? ఆయన ఒప్పుకున్నాకే,” అంది నర్సమ్మ, నీళ్ళ వైపు చూస్తూ.

అయితే అందరికీ తెలుసు. టీ దగ్గర ఆగిపోయిన ప్రతి నవ్వూ దీని గురించే. జాలిపడ్డారా, చాటున నవ్వుకున్నారా? అది ఎవర్ని అడిగినా తేలేది కాదు. ఆమె పళ్ళు బిగించి పీకడం మొదలుపెట్టింది. ఇవాళ్టితో ఒక్క ఆకు మిగలకూడదు. వచ్చే శనివారం ఎవరు వచ్చి చూసినా ఇక్కడ నీళ్ళు తప్ప తన ఇంటిది ఏమీ కనబడకూడదు. వేరుతో సహా రావాలి, నెమ్మదిగా లాగమని నర్సమ్మ చెబుతున్నా వినిపించుకోలేదు. మూడు సంచులు నిండాయి. నర్సమ్మ ఒక్కొక్కటీ గట్టు మీదికి మోసుకెళ్ళి ఎండలో పరుస్తోంది.

పదకొండు దాటేసరికి ఎండిన తుమ్మకంప పక్కన మంచమంత మేర మిగిలింది. ఆమె చెయ్యి చాచింది. ఆకుల మధ్య ఏదో కదిలింది. ఒక నీటికోడి, ఆ మొక్కల మీదే నాలుగు పుల్లలు చేర్చుకుని, ఒళ్ళు కిందికి నొక్కి కూర్చుని ఉంది. లేవలేదు, అరవలేదు. మెడ పక్కకు తిప్పి ఒంటికన్నుతో, ఇన్ని వారాలుగా ఆమె వీళ్ళందరినీ చూసిన చూపే చూసింది. కొంచెం జరిగినప్పుడు పొట్ట కింద మచ్చల గుడ్డు ఒకటి కనబడి మళ్ళీ మాయమైంది.

చాచిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది. నీళ్ళు కదలకుండా ఒక్కో అడుగూ వెనక్కి వేసింది.

“అయిపోయిందా?” గట్టు మీంచి నర్సమ్మ అడిగింది.

“లేదు,” అంది ఆమె. “ఆ మూల వదిలేశాను. ఉండనీ.”

నాలుగో సంచి దులిపి, ఖాళీగానే మడిచి చంకలో పెట్టుకుంది.