ఆకురాయి మాస్టారి డ్రమ్ము

ఇనుముని అరగదీసే ఆకురాయికి పళ్లు ఒకే దిక్కుకి ఉంటాయి. ముందుకు తోస్తే కొరుకుతుంది, వెనక్కి లాగితే ఊరుకుంటుంది. మన ఫిట్టరు మాస్టారికి ఆకురాయి అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఈ రెండో సంగతి మరిచిపోయాడు. ఆయన నాలుక ఎటు లాగినా కొరుకుతుంది. ఆ పేరు ఆయన ముందు పలికే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు, వెనకాల పలకని మనిషీ లేడు. కట్టుకున్న భార్యే పక్కింటావిడతో, "మా ఆకురాయి ఇంకా అన్నానికి రాలేదు వదినా" అంటుంది.

అరవై రెండేళ్లు దాటాయి. రేకుల షెడ్డు, అందులో పొడుగాటి బల్ల, బల్లకి ఇనుముని బిగించి పట్టే వైసులు మూడు, మూలన ఆయనకంటే వయసులో పెద్దదైన లేతు మిషను, ఉత్తరం వైపు ఒక కిటికీ. పంపుసెట్టు షాఫ్టు విరిగినా, పిండిమర చక్రానికి పన్ను ఊడినా జనం అక్కడికే మోసుకొస్తారు. ముందు నాలుగు తిట్లు తింటారు, సాయంత్రానికి పని పట్టుకెళతారు. ఆ చెయ్యి మాత్రం బంగారం. ఆ సంగతి ఆయనంటే పడని వాళ్లు కూడా ఒప్పుకుంటారు.

ఆ చేతికి పని ఎలా వచ్చిందో ఆయనే చెప్పేవాడు, అడగకపోయినా. పద్నాలుగో ఏట ఒక గురువు దగ్గర చేరాడట. గురువుగారు అసలు పని వచ్చేసరికి వీపు తిప్పేసేవాడట. ఎనిమిది నెలలు ఆ వీపే చూశాడు. గురువు చొక్కా వీపు మీద కుట్లు ఎన్నో ఇప్పటికీ చెప్పగలడు. ఏది తప్పో అడిగితే ఆకురాయి పిడితో వేళ్ల కణుపుల మీద ఒకటి పడేది. "అలా నేర్చుకున్నాం కాబట్టే చేతిలో నిలిచింది. చెబితే వచ్చేది చెవిలో ఉంటుంది" అనేవాడు. అత్త పెట్టిన ఆరళ్లన్నీ గుర్తుపెట్టుకుని కోడలికి వడ్డించే అత్తలు ఆడవాళ్లలోనే ఉంటారని ఎవరన్నారో!

కాలం మారింది కాబట్టి ఆయన ఎవరినీ కొట్టలేదు. కొట్టడానికి బదులు డ్రమ్ము పెట్టాడు.

పద్ధతి ఇదీ. ఊళ్లో ఉన్న శిక్షణ కేంద్రం వాళ్లు అప్రెంటిసుల్ని ఆయన దగ్గరికి పంపుతారు. వచ్చినవాడికి అరచేతిలో పట్టేంత ఇనుప దిమ్మె ఒకటి ఇస్తాడు. దాన్ని ఆకురాయితో రుద్ది రుద్ది అద్దంలా చదును చేసి, ఒక పక్కన తన గుర్తు కొట్టుకుని, మాస్టారి చేతికివ్వాలి. ఆయన దాని మీద మూలమట్టం అంచుని నిలబెట్టి కిటికీ వెలుగుకి ఎత్తుతాడు. అంచు కింద నుంచి వెలుగు రాకపోతే దిమ్మె చదునుగా ఉన్నట్టు, వాడి పని పుస్తకంలో సంతకం పడుతుంది. వెంట్రుకంత వెలుగు కనిపించినా దిమ్మె గుమ్మం పక్కన ఉన్న డ్రమ్ములోకి వెళుతుంది. ఖంగుమని మోగుతుంది. ఎక్కడ తప్పో చెప్పడు. మూడు ఖంగులయ్యాక ఇంటికి వెళ్లొచ్చు. సంతకం లేనిదే కేంద్రం వాళ్లు పరీక్షకి కూర్చోనివ్వరు, పరీక్ష లేనిదే ఫిట్టరని ఎవడూ ఒప్పుకోడు. మూడేళ్లుగా ఆ డ్రమ్ములో ఇనుముని మాస్టారు తుక్కువాడికి కూడా వేయలేదు. కొత్తగా వచ్చినవాడు చూసి జడుసుకోవాలి కదా.

ఆ పద్ధతిలోనే ఇరవై ఏళ్లలో తొమ్మిదిమంది ఫిట్టర్లు తయారయ్యారు. గత మూడేళ్లలో ఐదుగురు వచ్చారు, ఐదుగురూ వెళ్లిపోయారు. ఈ కాలం పిల్లలకి ఫోను మీద వేలు రుద్దడం వచ్చుగాని ఇనుము మీద ఆకురాయి రుద్దడం రాదని మాస్టారు తేల్చేశాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

ఇంట్లో భార్య లెక్క వేరే. ఒకరోజు పొద్దున్న పెరట్లో తీగ మీద ఆరేసిన చొక్కాని చూసి, "పని లేదా నీకు, అలా నిలబడ్డావ్?" అని మాస్టారు గద్దించాడు. చొక్కా జవాబు చెప్పకపోయేసరికి ఇంకో రెండు తగిలించాడు. కంట్లో శుక్లం ముదిరింది, డాక్టరుకి చూపించుకోండని ఆవిడ ఏడాదిగా పోరుతోంది. నా కన్ను వెంట్రుకలో వెయ్యో వంతు చూస్తుంది, నువ్వు నాకు చెప్పేదేంటని ఆయన ఏడాదిగా కసురుతున్నాడు.

ఆరో అప్రెంటిసుగా ఒక కుట్టుమిషనావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. పదేళ్లు బట్టలు కుట్టింది. కొలతలిచ్చి కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయాక, మిషను బాగుచేసే చెయ్యి ఎలాగూ ఉంది కదా అని శిక్షణ కేంద్రంలో చేరింది. చేరిన రోజే మిషను అమ్మేసింది. వెనక్కి వెళ్లడానికి దారి లేకుండా చేసుకోవడం ఆవిడకి అలవాటట. మూడో తరగతి చదివే కూతురు సాయంత్రం బడి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చి, లేతు పక్కన కూర్చుని ఎక్కాలు చదువుకునేది. ఆ పిల్లని మాత్రం మాస్టారు తిట్టలేదు. పన్నెండో ఎక్కం తప్పు చదివితే సరిచేసేవాడు కూడా. తల్లి తప్పు ఏమిటో మాత్రం చెప్పలేదు.

మూడు నెలల్లో ఆవిడవి రెండు దిమ్మెలు ఖంగుమన్నాయి. శనివారం సాయంత్రంలోగా సంతకం పడకపోతే ఈ ఏడు పరీక్ష లేదు, కేంద్రం వాళ్లు రెండోసారి చేర్చుకోరు. సోమవారం పొద్దున్న ఆవిడ మూడో దిమ్మె తెచ్చి చేతిలో పెట్టింది.

మాస్టారు మూలమట్టం నిలబెట్టి కిటికీకి ఎత్తాడు. అంచు కింద వెలుగు, ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లగా. డ్రమ్ము వైపు చెయ్యి లేచింది.

"ఆగండి మాస్టారూ" అంది ఆవిడ. "అంత వెలుగెక్కడుంది? నేనూ చూశాను. చివర కొంచెం ఉంటే ఉండొచ్చు."

ఆ షెడ్డులో అలా ఆగమన్నవాళ్లు ఎవరూ లేరు. ఆయనకి ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న సూది వదిలిన మనిషి నలభై ఎనిమిదేళ్ల కంటికి పాఠం చెబుతోందా? చదునంటే ఏమిటో చూపిస్తానని, అలమర పై అరలోంచి గుడ్డలో చుట్టిన తన సొంత దిమ్మె తీశాడు. గురువు ఒక్క మాట అనకుండా ఒప్పుకున్న దిమ్మె. ఏటా నూనె రాసి పెట్టుకుంటాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. గుడ్డ విప్పి, మట్టం నిలబెట్టి, ఆవిడకి కనిపించేలా కిటికీకి ఎత్తి, "చూడు, ఇదీ..." అన్నాడు.

ఆ మాట అక్కడే ఆగిపోయింది. అంచు కింద వెలుగుంది. ఈ చివర నుంచి ఆ చివరకి, తెల్లగా.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు మూలమట్టాన్ని తిట్టాడు. ఇంకో మట్టం తెచ్చాడు, దాన్నీ తిట్టాడు. కిటికీ అద్దం తుడిచాడు. దిమ్మె తిప్పాడు, తల తిప్పాడు, ఒక కన్ను మూశాడు, రెండోది మూశాడు. వెలుగు పోలేదు. ఆయనకి అరవై రెండేళ్లలో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

ఆవిడ ఏమైనా అనుంటే కసురుకుని తప్పించుకునేవాడు పాపం. ఆవిడ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది, అంతే.

చివరికి చదును బల్ల దగ్గరికి వెళ్లాడు. అది నూరి నూరి చదును చేసిన బరువైన ఇనుప బల్ల. పల్చటి సిగరెట్ కాగితాన్ని నాలుగు ముక్కలు చింపి, దిమ్మె నాలుగు మూలల కింద ఒక్కో ముక్క పెట్టి, ఒక్కోటీ లాగాడు. దిమ్మె చదునుగా ఉంటే కాగితం కదలదు, వంకరుంటే ఆ మూల కాగితం జారి వచ్చేస్తుంది. వేళ్లకి కళ్లతో పని లేదు. నాలుగు కాగితాలూ కదలలేదు. దిమ్మె అన్నేళ్ల కిందట ఎలా ఉందో అలాగే ఉంది. వంకర పోయింది ఏదో ఇక వేరే చెప్పాలా?

గుమ్మం దగ్గరికి వెళ్లి డ్రమ్ముని ఒక్క తోపు తోశాడు. దిమ్మెలన్నీ నేల మీద పడ్డాయి. ఐదుగురివి పదిహేను, ఈవిడవి రెండు. పీట లాక్కుని కూర్చున్నాడు. తుప్పు తుడవడం, బల్ల మీద పెట్టడం, కాగితాలు లాగడం. ఆవిడా వచ్చి కూర్చుని తుడిచి అందించింది. భోజనం వేళ దాటింది, ఇద్దరూ లేవలేదు. పాత పదిహేనింటిలో ఏడు దిమ్మెలు కదలకుండా కూర్చున్నాయి, ఈవిడవి రెండూ కూర్చోలేదు. ఆ గుర్తులు చూసుకుంటే, వెళ్లిపోయిన ఐదుగురిలో నలుగురికి సంతకం పడాల్సింది. మూడు చుక్కల గుర్తువాడివైతే మూడు దిమ్మెలూ సరిగ్గానే ఉన్నాయి. మూడోసారి ఖంగుమన్నప్పుడు వాడు నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ రోజు మాస్టారు, "నీ చేతులు బస్తాలు మొయ్యడానికి పుట్టాయిరా" అన్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తుకొచ్చి ఆయనకి సిగ్గేసింది.

"ఇక నాది చూడండి" అంది ఆవిడ, మూడో దిమ్మె బల్ల మీద పెట్టి. ఆ గొంతులో కొంచెం ధీమా కూడా ఉంది. ఉండదా మరి?

మూడు కాగితాలు బిగిసి ఉన్నాయి. కుడి మూల కాగితం వెన్నలోంచి వెంట్రుకలా జారి వచ్చేసింది.

ఇద్దరూ ఆ కాగితం ముక్క వైపు చూశారు. ఇంత జరిగాక, ఈ ఒక్క దిమ్మెకి సంతకం పడేస్తే ఎవరు అడుగుతారు? ఆ ఆలోచన మాస్టారికీ వచ్చింది. పుస్తకం అందుబాటులోనే ఉంది.

"ఇది చదును లేదమ్మా" అన్నాడు.

ఆవిడ తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. దిమ్మె తీసుకుని తనే డ్రమ్ము వైపు నడిచింది. అప్పుడు మాస్టారి నోట, నలభై ఎనిమిదేళ్లలో మొదటిసారి, గురువు వీపు తిప్పి దాచుకున్నటువంటి మాట వచ్చింది.

"తోపు చివరికొచ్చేసరికి నీ కుడి మోచెయ్యి లేస్తోంది. ఆకురాయి ముక్కు వంగి, ఆ మూలని ఎక్కువ తినేస్తోంది. మోచెయ్యి నడుముకి ఆనించి తొయ్యి. చప్పుడు మొదట్లో ఎలా ఉందో చివర కూడా అలాగే ఉండాలి."

"ఇది ఎప్పుడు కనిపెట్టారు?"

"మొదటి వారమే. చప్పుడు వింటే తెలిసిపోతుంది."

"మొదటి వారం!" అంది ఆవిడ. "మూడు నెలలు మాస్టారూ. ఈ ఒక్క ముక్క చెప్పడానికి మీ సొమ్మేం పోయింది?"

చెవిలో ఉండేది, చేతిలో నిలిచేది అనే పాత పాట నాలుక చివరిదాకా వచ్చింది గాని, మాస్టారికే రుచించలేదు. లేచి వెళ్లి నాలుగో దిమ్మె తీసి ఆవిడ వైసులో బిగించాడు. ఆ షెడ్డులో నాలుగో దిమ్మె ఎవరికీ దక్కలేదు.

ఐదు రోజులు ఆవిడ రుద్దింది, ఆయన పక్కన నిలబడి చప్పుడు విన్నాడు. మోచెయ్యి లేచినప్పుడల్లా "లేచింది" అనేవాడు. లేతు పక్కనున్న కూతురికి అది ఆటైపోయి, "లేచింది" అని ఆయనకంటే ముందే అరిచేది. తిట్లు ఆగాయనుకునేరు, అబ్బే! కాకపోతే తిట్టు తర్వాత ఎలా చెయ్యాలో కూడా చెప్పేవాడు. శనివారం నాలుగు గంటలకి దిమ్మె బల్ల మీద కూర్చుంది. నాలుగు కాగితాలూ కదలలేదు. ఆయన మూలమట్టం ఆవిడ చేతికే ఇచ్చి, వెలుగు చూసి చెప్పమన్నాడు.

"లేదు" అంది ఆవిడ. మళ్లీ తిప్పి చూసి, "ఎక్కడా లేదు" అంది.

సంతకం గడి ఆయనకి ఆనలేదు. ఆవిడ వేలు పెట్టి చూపించింది, ఆయన ఆ వేలి పక్కనే గీశాడు. కేంద్రం తలుపులు వేసేలోగా తల్లీకూతుళ్లు పరుగెత్తారు.

ఆ రాత్రి అన్నం దగ్గర మాస్టారు భార్యతో, కళ్ల డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడని అడిగాడు. ఆవిడ ఆయన కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసింది.

ఆదివారం పొద్దున్న మూడు చుక్కల దిమ్మె ఒకటి సంచిలో వేసుకుని, అడుగుతూ అడుగుతూ వెళ్లి వాడిని పట్టుకున్నాడు. బస్సులు ఆగే చోట టైర్ల కొట్టు. వాడు నల్లటి చేతులతో లారీ చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మాస్టారిని చూసి లేచి నిలబడ్డాడు, పాత అలవాటు. మాస్టారు దిమ్మె తీసి వాడి చేతిలో పెట్టాడు. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"నీది సరిగ్గానే ఉందిరా. మూడూ సరిగ్గానే ఉన్నాయి. నా కన్నే పోయింది."

వాడు దిమ్మెని తిప్పి చూసుకున్నాడు. బొటనవేలితో మూడు చుక్కల్నీ తడిమాడు.

"తెలుసు మాస్టారూ" అన్నాడు. "ఇచ్చే ముందే కాగితాలు పెట్టి చూసుకున్నాను. మూడుసార్లూ."

"తెలిస్తే మరి చెప్పలేదేంరా?"

వాడికి కోపం కూడా రాలేదు. నిజంగా అర్థం కానట్టు ఆయన మొహంలోకి చూశాడు.

"మీకా?" అన్నాడు.

లారీ డ్రైవరు తొందరపెడుతున్నాడు. లారీ కదలకుండా ఇంకో చక్రానికి అడ్డం పెట్టడానికి వాడు అటూ ఇటూ చూసి, చేతిలో ఉన్న దిమ్మెనే ఆ టైరు కింద పెట్టి పనిలో పడ్డాడు. మాస్టారు పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. చక్రం ఊడదీసి మళ్లీ బిగించేదాకా అరగంట పట్టింది. అంతసేపూ ఆయన ఎవరినీ తిట్టలేదు.