ఖాలా కాదనలేని గోళీలు

నిన్న నిర్మల్ నుంచి భైంసా వచ్చే బస్సులో, నా పక్కన కూర్చున్నామె సంచిలోంచి చేప వాసన వచ్చింది. పచ్చి చేప కాదు, నూనె వాసన. ఎండకు మందు గోళీలు మెత్తబడి డబ్బాలోనే పగిలాయట. "గుండెకు మంచిదంట" అంటూ ఆమె కొంగుతో తుడుచుకుంటోంది. నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆ వాసన నాకు మహబూబ్ ఖాలా వంటింటి గూటిది. నాకు రాత సరిగ్గా రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

భైంసాలో పత్తి మార్కెట్టు వెనక ఆమె జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఖాలా అంటే పిన్ని, అందరూ అలాగే పిలిచేవాళ్లు. నా భర్త పోయిన కొత్తలో పని కోసం ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. పొద్దున్నే నేను ఎదురొస్తే జనం పక్కకు తప్పుకునే రోజులవి. ఆమె నా పేరు కూడా అడగలేదు. పెనం మీది రొట్టె సగానికి తుంచి, కారం అద్ది చేతికిచ్చింది. ఆకలి లేదన్నాను.

"అబద్ధమాడుడు నీకు రాదు గని, తిను. ఇచ్చినోళ్ల ముందట్నే తినాలె. వాపస్ జేస్తే ఇచ్చిన చెయ్యి సిగ్గువడ్తది" అంది.

తిన్నాను. ఆ తర్వాత వేడినీళ్లతో పిండి కలపడం, చేత్తో రొట్టె కొట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మాటకు మాట చెప్పడం కూడా. ఒక హమాలీ రొట్టె ఎత్తి చూపి, "గింత పల్చగనా ఖాలా? అవుతలి దిక్కు కనవడ్తుంది" అంటే, "కనవడ్తె జర మీ ఇంటి దిక్కు జూడు. నీ పెండ్లాం కట్టె వట్టుకొని నిలవడ్డది" అనేది. అందరూ నవ్వేవాళ్లు. అంతకుముందు ఎన్నాళ్లుగానో నవ్వని నేను కూడా నవ్వేదాన్ని.

ఖాలాకు చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో గుండె కవాటం పాడైంది. ముసలితనం దగ్గరపడ్డాక హైదరాబాదులో ఆపరేషన్ చేసి కొత్తది వేశారు. రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ ఒక గోళీ వేసుకోవాలన్నారు. నెలనెలా నిర్మల్‌లో రక్తపరీక్ష. తోడు నేనే వెళ్లేదాన్ని. ఇక ఇంటికి చూడవచ్చేవాళ్లు ఆగలేదు. రోగిని చూడటానికి ఉత్త చేతులతో ఎవరొస్తారు? ఒకరు తేనెలో నానేసిన వెల్లుల్లి తెస్తే, ఇంకొకరు ఏదో బలం పొడి తెచ్చారు. వాళ్ల ముందే ఖాలా అన్నిట్లోంచీ ఒక్కో చెంచా నోట్లో వేసుకునేది. ఆమె అన్న కొడుకు సలీం దుబాయ్‌లో డ్రైవరు. చిన్నప్పుడే తల్లి పోతే, అతను ఫుప్పూ అని పిలిచే ఈ మేనత్తే పెంచింది. అతను సెలవుకు వస్తూ పెద్ద డబ్బాలు రెండు తెచ్చాడు. ఒకటి చేపనూనె గోళీలు, ఇంకొకటి విటమిన్లు.

"ఫుప్పూ, ఆడ షేకులు గివే తింటరు. గుండె గుర్రం లెక్క ఉంటది" అన్నాడు.

"గుర్రమైతె నన్ను గడ్డి మేపుతవారా?" అంటూనే ఖాలా రెండు గోళీలూ మింగి, అతని తల నిమిరింది. అతను వెళ్లాక కూడా మానలేదు. రోజూ బిస్మిల్లా అని, వాడి పేరు తలుచుకుని మింగేది.

నిర్మల్‌లో డాక్టరు ఒకసారి అడిగాడు, "ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అని.

"లేవు సాబ్" అంది ఖాలా. నేను నోరు తెరిచాను. బల్ల కింద ఆమె చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

బయటికి వచ్చాక, "ఎందుకు చెప్పకపోతివి ఖాలా?" అన్నాను.

"గవి మందులు కావు లచ్చవ్వా, పిల్లగాడు పావురంగ, ప్రేమతోని తెచ్చినయి. డాక్టర్ బంద్ జెయ్యమంటె? వాడు ఫోన్ల రోజు అడుగుతడు, తిన్నవా అని. ఏం జెప్పాలె?"

ఇచ్చినది తిప్పి పంపకూడదన్న పాత మాటే మళ్లీ అంటోంది. నాకు తిండి పెట్టి బతికించిన మాటే అది. దానికి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు.

వానాకాలం మొదట్లో, పిండి కలుపుతూ తల పట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. నిర్మల్‌కు తీసుకుపోతే మెదడులో రక్తం కారిందన్నారు. అప్పుడు ఆ డాక్టరుకే అన్నీ చెప్పాను. "ఆ గోళీతో ఇవి కలిస్తే రక్తం మరీ పల్చబడవచ్చు. దీనివల్లే అయిందని చెప్పలేను. కానీ నాకు ముందే తెలియాల్సింది" అన్నాడు. రెండో రోజు ఖాలా పోయింది.

సలీం నలభయ్యో రోజుకు వచ్చాడు. ఫాతిహా ప్రార్థన అయ్యి బంధువులు వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"లచ్చక్కా, నేను తెచ్చినయి తిన్నదా ఫుప్పూ?"

"తిన్నది బిడ్డా. ఒక్కనాడు గూడ ఇడువలే."

అతని ముఖం విప్పారింది. "జర ముందుగాల తెచ్చుంటె ఇంక కొన్నొద్దులు బతుకుతుండె" అన్నాడు. ఈసారి అవే గోళీలు తన దోస్తు తండ్రికి తెచ్చానని, ఆయనకూ గుండె ఆపరేషన్ అయిందని చెప్పాడు.

"ఇచ్చే ముందట డాక్టర్‌కు చూపియ్యుమను, సలీం" అన్నాను.

"ఎందుకక్కా?"

నేను తల ఎత్తలేదు. అతను లేచి గడప దాకా వెళ్లాడు. ఒక చెప్పులో కాలు పెట్టి, రెండోది ఎక్కడుందో కనబడనట్టు అక్కడే నిలబడిపోయాడు.

ఆ తర్వాత అతను నాకు ఫోన్ చేయలేదు. ఆ దోస్తు తండ్రి బాగానే ఉన్నాడని ఎవరో చెప్పగా విన్నాను. ఖాలా అయితే ఆ గోళీలే చేటు చేశాయేమోనన్న మాట పిల్లవాడికి తగలనిచ్చేది కాదు. తనే మింగేది. ఆమె దగ్గర అన్నీ నేర్చుకున్నాను, అదొక్కటి నాకు రాలేదు. రాకపోవడమే మంచిదని ఒక రోజు అనుకుంటాను. మర్నాడు గడపలో అతను నిలబడిన తీరు గుర్తొస్తుంది.